గేదెల తవిటమ్మ నామార్థ విచారణ

పాలగెడ్డ బస్సు కాంప్లెక్సు ఎదురుగా ఉన్న తవిటమ్మ హోటల్‌కి పురపాలక సంఘం వారు ఒక సోమవారం ఉదయం తాళం వేశారు. అప్పటికి పెనం మీద దోసె ఒకటి సగం కాలి ఉంది. వచ్చినవాళ్ళు ధర్మం తెలిసినవాళ్ళు. దోసె కాలేదాకా ఆగారు, దాన్ని తెమ్మన్న పెద్దమనిషి తిని చెయ్యి కడుక్కునేదాకా కూడా ఆగారు, ఆ తర్వాతే తాళం వేశారు. హోటల్లో ఈగలు లేవు. నూనె మంచిది. పప్పు మంచిది. తప్పల్లా యజమానురాలి పేరుది.

ఆమె పేరు గేదెల తవిటమ్మ. గేదెల అన్నది అత్తవారి ఇంటిపేరు, తవిటమ్మ అన్నది తల్లి పెట్టిన పేరు. యాభై దాటిన మనిషి. భర్త పోయాడు, ఒక్కడే కొడుకు విశాఖపట్నంలో కరెంటు పని చేస్తాడు. ఆవిడ కొబ్బరి పచ్చడి వల్లే బస్సులు పాలగెడ్డలో ఆగవలసినదానికన్నా ఎక్కువసేపు ఆగుతాయని ప్రయాణికులు ఫిర్యాదు చేసేవాళ్ళు. ఫిర్యాదు చేసేవాళ్ళు కూడా చెయ్యి కడుక్కుని వచ్చే చేసేవాళ్ళు.

అలాంటి మనిషి పేరు వల్ల పురపాలక సంఘానికి వచ్చిన ఇబ్బందేమిటో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

అంతకు ముందు వానాకాలంలో మా ఊరికి సుధీంద్రనాథ్ అనే కమిషనర్ వచ్చారు. మంచి అధికారి. వేళకు వచ్చేవారు, ఎవరి దగ్గరా టీ కూడా తాగేవారు కాదు. ఆయన్ను ఏదో శిక్షణ తరగతికి పంపితే అక్కడ ఒక వక్త, తన పేరుకు అర్థం తెలియని పౌరుడికి ఆత్మగౌరవం ఉండదనీ, ఆత్మగౌరవం లేని పట్టణానికి అభివృద్ధి ఉండదనీ చెప్పాడట. మిగతా అధికారులు భోజనాలకు లేచారు. మన కమిషనర్‌గారు మాత్రం ఆ మాట రాసుకుని మరీ లేచారు. ఊరికి వచ్చిన వారంలోనే దోమల మందు కొట్టే యంత్రం ఉన్న గదిని ఖాళీ చేయించి, యంత్రాన్ని వరండాలో పెట్టించి, ఆ గదికి 'నామార్థ నిర్ధారణ విభాగం' అని బోర్డు కట్టించారు. మర్నాడు ఊళ్ళో మైకు కట్టిన ఆటో తిరిగింది.

"ఇందుమూలముగా పాలగెడ్డ పురజనులకు తెలియజేయునదేమనగా, ప్రతి పౌరుడును తన పేరునకును, ఇంటిపేరునకును గల పుట్టుపూర్వోత్తరములను విభాగమునందు నిరూపించుకొని నామార్థ ధ్రువపత్రము పొందవలెను. పొందని యెడల సదరు పౌరుడు పేరు లేనివాడుగా పరిగణింపబడును."

పేరు లేనివాడికి కుళాయి ఇవ్వరు. ఇంటి పన్ను కట్టించుకోరు. దీంతో కొందరు పేరు లేకుండా ఉండిపోవడానికే మొగ్గు చూపారు గానీ, కుళాయి మాట గుర్తొచ్చి వరసలో నిలబడ్డారు.

విభాగానికి నిపుణుడిగా ఉపద్రష్ట సీతాపతిశాస్త్రిగారిని పిలిచారు. కాలేజీలో తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. ఉద్యోగం చేసినంత కాలం ఆయన వ్యాకరణం చెబుతుంటే పిల్లలు కిటికీల్లోంచి దూకి పారిపోయేవాళ్ళు. ఇప్పుడు అదే వ్యాకరణం కోసం జనం ఎండలో నిలబడ్డారు. శాస్త్రిగారికి పదేళ్ళ వయసు తగ్గింది. ఏ పేరిచ్చినా రెండు ముక్కలు చేసి, అందులోంచి మూడో ముక్క తీసి చూపించేవారు. ఇంటిపేర్లు కొన్ని ఊళ్ళ నుంచి వచ్చాయనీ, కొన్ని చేసే పనుల నుంచీ, కొన్ని ఎప్పుడో ఒక ముత్తాత చేసిన ఒకే ఒక్క తెలివితక్కువ పని నుంచీ వచ్చాయనీ ఆయన వివరిస్తుంటే, నిజానికి ఊరంతా ముచ్చటపడింది. ఏనుగు వారు గేటుకి రెండు పక్కలా సిమెంటు ఏనుగులు పెట్టించారు. ఉప్పు వారూ పప్పు వారూ వియ్యమందారు. ఆ నెలరోజులూ పాలగెడ్డ ఆత్మగౌరవం నిజంగానే పెరిగిందని ఒప్పుకోవాలి.

పథకం అక్కడ ఆగితే పథకం కాదు. అర్థాలు తేలాక వాటికి శ్రేణులు పెట్టాలి కదా అన్నారు కమిషనర్‌గారు. దేవుళ్ళ పేర్లూ సద్గుణాలూ ఉత్తమం. ఊళ్ళూ వృత్తులూ మధ్యమం. జంతువులూ కూరగాయలూ సాధారణం. మిగిలినవి అభ్యంతరకరం. పులి వారు తమను వంకాయల వారితో కలిపి సాధారణంలో వేసినందుకు ఊరేగింపు తీశారు. ఆ ఊరేగింపులో ఒక అధికారికి ఇంకో సంగతి తట్టింది. పులి వారి ఇల్లూ మేకా వారి ఇల్లూ పక్కపక్కనే ఉన్నాయి. ప్రజల భద్రత దృష్ట్యా మధ్య గోడ ఎత్తు పెంచాలని ఇద్దరికీ నోటీసులు వెళ్ళాయి. మేకా వారి పెద్దాయన పోలీసు శాఖలో పనిచేసి రిటైరైనవాడు, పులి వారి పెద్దాయన బొద్దింకను చూసినా కుర్చీ ఎక్కుతాడు. అయినా గోడ లేచింది.

తర్వాత అర్థం ఉంటే చాలదు, మనిషి ఆ అర్థానికి తగ్గట్టు ఉండాలన్నారు. నిత్యానందం అనే బడిపంతులు తండ్రి అంత్యక్రియల్లో బహిరంగంగా ఏడ్చినందుకు సంజాయిషీ ఇచ్చుకోవలసి వచ్చింది. శాంతకుమారిగారు కుళాయి దగ్గర నోరు చేసుకున్నారని ఎదురింటివాళ్ళు ఫొటో తీసి పంపారు. అన్నిటికన్నా చిక్కు మృత్యుంజయరావుగారి విషయంలో వచ్చింది. ఎనభై దాటాక ఆయన నిద్రలో పోయారు. మరణ ధ్రువపత్రం అడిగితే, మృత్యువును జయించిన వ్యక్తి మరణించినట్లు ధ్రువీకరించుట ఈ కార్యాలయ నిబంధనలకు విరుద్ధమని జవాబొచ్చింది. చివరికి ఆయన పిల్లలు పోయిన తండ్రికి సామాన్యరావు అని పేరు మార్పించాకే ఆయన అధికారికంగా పోగలిగారు.

విభాగంలో కాగితాలు మోసుకు తిరిగే జూనియర్ అసిస్టెంటు మజ్జి దాలినాయుడికి కూడా సుఖం లేదు. 'దాలి' అంటే ఏమిటో శాస్త్రిగారు ఎన్ని ముక్కలు చేసినా తేలలేదు. తాతగారి పేరు పెట్టారు, ఆయనకి వాళ్ళ తాతగారిది పెట్టారు, అంతకు మించి అతనికి తెలియదు. అందుకని హాజరు పట్టీలో అతని పేరు ఉండవలసిన చోట 'పరిశీలనలో ఉన్నది' అని రాశారు. పాపం అతను నోటీసుల మీద సంతకం కూడా అలాగే పెట్టేవాడు.

ఆ పరిశీలనలో ఉన్న సంతకంతోనే తవిటమ్మకి నోటీసు వచ్చింది. అందులోని తర్కం ఇది. గేదెలు, తవుడు అనే రెండు మాటలూ పశుపోషణకు సంబంధించినవి. గేదెల తవిటమ్మ హోటల్ అన్న బోర్డు చదివిన పౌరుడు లోపల దాణా దొరుకుతుందని భ్రమపడవచ్చు. దాణా కోసం వచ్చినవాడికి ఇడ్లీ పెట్టుట మోసము. ఇడ్లీ కోసం వచ్చినవాడికి దాణా పెడతారేమోనన్న భయం కలిగించుట మానసిక వేధింపు. ఇంటిపేరు మార్చడం కష్టం కాబట్టి, సొంత పేరు మార్చుకోవాలి. బోర్డు మీద రంగు ఖర్చు తగ్గేలా మొదటి అక్షరం అదే ఉంచి తన్మయి, తపస్విని, తరంగిణి అనే పేర్లు విభాగమే సూచించింది. మార్చుకునేదాకా హోటల్ మూసి ఉంచాలి.

ఆ మూడు పేర్లలో ఒకటి ఎంచుకోమని చెప్పడానికి దాలినాయుడు వెళ్ళాడు. తవిటమ్మ అతనికి మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టింది.

"తన్మయీ అని ఎవులైనా పిలిస్తే నాను ఎనక్కి తిరిగి సూస్తానేటి నాయుడూ? ఎవుర్నో పిలస్తన్నారనుకుని నా దారిన నాను ఎల్లిపోతాను" అంది.

దాలినాయుడు అదే మాట కాగితం మీద రాసి కమిషనర్‌గారికి ఇచ్చాడు. విచారణకు తేదీ పడింది.

ఇక్కడ ఇంకో మనిషి గురించి చెప్పాలి. తవిటమ్మ హోటల్‌కి సరిగ్గా ఎదురుగా సనపల పైడిరాజు హోటల్ ఉంది. వాళ్ళిద్దరూ ఒకే వీధిలో పుట్టి పెరిగారు. చాలా ఏళ్ళ కిందట పైడిరాజు, తవిటమ్మ దగ్గర పనిచేసే దోసెల మాస్టర్ని ఎక్కువ జీతం ఆశ చూపి తన దగ్గరకు లాక్కున్నాడు. ఆ రోజు నుంచి మాటల్లేవు. మాటలు లేవంటే సూటిగా లేవు. ఆవిడ తన గుమ్మంలో నిలబడి గాలికి చెప్పినట్టు అంటే, ఈయన తన గుమ్మంలో నిలబడి కాకికి చెప్పినట్టు జవాబిచ్చేవాడు. మధ్యలో రోడ్డు మీద వెళ్ళేవాళ్ళు తమని కాదు కదా అని అటూ ఇటూ చూసుకునేవాళ్ళు.

తవిటమ్మ హోటల్ మూతపడితే పైడిరాజుకి పండగే అనుకున్నారు ఊళ్ళో అందరూ. బల్లలు నిండిన మాట నిజమే. కానీ వచ్చినవాళ్ళు తింటున్నంతసేపూ ఎదుటి హోటల్ పచ్చడి గురించే మాట్లాడేవాళ్ళు. ఇందులో పుట్నాలు ఎక్కువయ్యాయనీ, ఆవిడైతే అల్లం వేసేదనీ చెప్పుకుంటూ ఈయన పచ్చడే మళ్ళీ అడిగి వేయించుకునేవాళ్ళు. పైడిరాజు నాలుగు రోజులు విన్నాడు. ఐదో రోజున కొట్లో కూర్చోవడం మానేసి వెనక వంటింట్లోకి వెళ్ళిపోయాడు.

విచారణ పురపాలక సంఘ సమావేశ మందిరంలో జరిగింది. ఎత్తు కుర్చీలో కమిషనర్‌గారు, పక్కన శాస్త్రిగారు కూర్చున్నారు. చివర్లో దాలినాయుడు రాసుకోవడానికి సిద్ధంగా ఉన్నాడు. ఊళ్ళో సగం మంది గుమ్మాల దగ్గర నిలబడ్డారు. సదరు నామధేయం యొక్క ఉత్పత్తి క్రమాన్ని సభ్యులకు నివేదించవలసిందని కమిషనర్‌గారు అడిగారు. ఆ మాట తవిటమ్మకి అర్థం కాలేదు. నీకా పేరు ఎందుకు పెట్టారమ్మా అని శాస్త్రిగారు మళ్ళీ అడిగారు.

"నాకు ముందు పుట్టినోలు ఒక్కరూ నిలబడనేదు బాబూ" అంది తవిటమ్మ. "పుట్టడం, పోడం. నాను పుట్టగానే మాయమ్మ నా మొకం కూడా సూడనేదు. పురుడు పోసిన అప్పలనర్సమ్మ సేతుల్లో ఎట్టీసి, ఇది నా గుంట కాదు, నీది, పట్టుకుపో అంది. ఆ రాత్రి నాను ఆలింటికాడే ఉన్నాను. తెల్లారి మాయమ్మ సేటడు తవుడు ఆవిడికిచ్చి నన్ను కొనుక్కుంది. తవుడికి కొన్న గుంట మీద ఎవుడి కన్ను పడతాది, దీన్ని కూడా ఎవుడు పట్టుకుపోతాడు అని. మాయమ్మకి నాను బతకాల. పేరు అందంగా ఉండాలని ఆవిడికి నేదు."

శాస్త్రిగారి జీవితంలో ఒక పేరును ముక్కలు చేయకుండా వదిలేయడం అదే మొదటిసారి. కలం మూసి జేబులో పెట్టుకుని, ఈ పేరు ఉత్తమ శ్రేణి అని మాత్రం అన్నారు.

కమిషనర్‌గారు కూడా కదిలారు. ఆయన రాతిగుండె మనిషి కాదు. కానీ కదలడం వేరు, నిబంధన వేరు. ఆయన మనసులో అప్పటికే ఒక ఉపనిబంధన లేచి నిలబడింది. గొంతు సవరించుకుని, "అమ్మా, మీరిప్పుడు ఈ సభాముఖంగా చెప్పినది పరిశీలిస్తే, ఇందులో ఒక శిశువును ప్రతిఫలం తీసుకుని ఇచ్చిపుచ్చుకోవడం జరిగింది. శిశువుల క్రయవిక్రయాలను ఏ చట్టమూ అంగీకరించదు. కనుక సదరు కొనుగోలు పుట్టినప్పటినుంచీ చెల్లదు" అన్నారు.

తవిటమ్మ, అయితే ఇప్పుడేం చేయాలని అడిగింది.

కొనుగోలు చెల్లనప్పుడు వస్తువు అమ్మినవారికి తిరిగి చేరాలి. ఇచ్చిన ప్రతిఫలం కొన్నవారికి తిరిగి రావాలి. ఇది కమిషనర్‌గారి సొంత ఆలోచన కాదు, న్యాయశాస్త్రంలో ఉన్నదే. కాబట్టి గేదెల తవిటమ్మ ఈనాటికీ అమ్మినవారి ఇంటి బిడ్డ. అమ్మిన అప్పలనర్సమ్మ కాలం చేసింది గనుక, ఆమె వారసుడు ఎవరో అతన్ని పిలిపించాలి. వారసుడెవరని ఆయన అడిగితే, గుమ్మం దగ్గరున్న జనం అంతా ఒకేసారి ఒకే మనిషి వైపు తిరిగారు.

అప్పలనర్సమ్మ కొడుకు పైడిరాజు. అతను విచారణ చూడ్డానికి వచ్చి తలుపు వెనక నిలబడి ఉన్నాడు.

అతన్ని ముందుకు రమ్మన్నారు. తవిటమ్మ మొహం పక్కకు తిప్పుకుంది. ఆ మనిషి నోట్లో తన హోటల్ బతుకు పడిందని ఆవిడకు అర్థమైంది. కమిషనర్‌గారు అతన్ని రెండే ప్రశ్నలు అడిగారు. సదరు తవుడు ముట్టినట్టు సాక్ష్యం ఉందా? ఉంటే ఆ తవుడు తిరిగి ఇవ్వడానికి ప్రస్తుతం లభ్యమవుతుందా?

పైడిరాజు తువ్వాలు భుజం మీంచి తీసి చేతిలో పట్టుకున్నాడు. ఎవరివైపూ చూడకుండా చెప్పాడు.

"నాకప్పుడు ఆరేల్లుంటాయి బాబూ. మాయమ్మ గుంటని తెచ్చి నా పక్కలో పడుకోబెట్టి, ఇదిగోరా నీకు సెల్లి అంది. నిజంగానే అనుకున్నాను. నిద్దరపోకుండా దాన్నే సూస్తా కూకున్నాను. తెల్లారీసరికి ఆలొచ్చి తవుడిచ్చీసి పట్టుకుపోనారు. నాను ఏడిసేను. ఇది ఉత్తుత్తి అమ్మకంరా అని మాయమ్మ సెప్పింది గానీ, నాకేటి తెలుస్తాది. ఆ తవుడు మా గేదికి ఎట్టీసింది. ఆ గేది పాలు నాను మరి ముట్టనేదు. ఆ గేది పోయింది, ఇంకో గేదొచ్చింది, అయినా నాకు పాలు నోట్లోకి ఎల్లనేదు. ఇయ్యాల్టికీ ఎల్లదు."

ఊళ్ళో ఎవరికీ ఆ సంగతి తెలియదు. తవిటమ్మకీ తెలియదు. ఆవిడ తిప్పుకున్న మొహం ఇటు తిప్పింది. అటూ ఇటూ హోటళ్ళ మధ్య అన్నేళ్ళుగా గాలికీ కాకికీ చెప్పిన మాటలన్నీ ఆవిడకు గుర్తొచ్చి ఉంటాయి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కమిషనర్‌గారు చెబుతుండగా దాలినాయుడు రాసుకున్నాడు. తవుడు ముట్టినట్టు సాక్ష్యం కలదు. తవుడు లభ్యం కాదు. తవుడు తిన్న గేదె మరణించినది. నష్టం, సాక్షి పాలు తాగకపోవుట.

మర్నాడు ఉత్తర్వు వచ్చింది. కొనుగోలు రద్దు. తవిటమ్మ పురపాలక రికార్డుల్లో ఇకపై సనపల పైడిరాజు చెల్లెలు. తవుడు లావాదేవీ రద్దయినందున ఆ పేరుకు కారణం లేకుండా పోయింది, కారణం లేని పేరు అర్థరహితం, అర్థరహితమైన పేరు వల్ల ఎవరూ భ్రమపడరు, కనుక పేరు ఉంచుకోవచ్చు. అయితే ఆమె ఇన్నేళ్ళుగా పుట్టింటి అనుమతి లేకుండా బయట నివసించినట్టు తేలినందున, హోటల్ తెరవడానికి పుట్టింటి పెద్ద రాతపూర్వకమైన అంగీకారం ఇవ్వాలి. ఇవ్వని పక్షంలో లైసెన్సు శాశ్వతంగా రద్దవుతుంది.

పుట్టింటి పెద్ద అంటే పైడిరాజే. పాలు తాగకపోవడం ఒక సంగతి, పోటీ హోటల్‌ని చేతులారా తెరిపించడం ఇంకో సంగతి అన్నారు ఊళ్ళో తెలిసినవాళ్ళు. ఎదురుగా హోటల్ లేకపోతే బస్సుల బేరమంతా అతనిదే కదా. అంగీకారపత్రం తీసుకుని అతను ఇంటికి వెళ్ళాడు. మర్నాడు ఉదయం అతని హోటల్ కూడా తెరుచుకోలేదు. కాంప్లెక్సులో బస్సులు దిగినవాళ్ళు రెండు తాళాలనూ చూసి బిస్కెట్లు కొనుక్కున్నారు.

ఎండెక్కాక పైడిరాజు తవిటమ్మ ఇంటికి వెళ్ళాడు. ఒక చేతిలో సంతకం పెట్టిన అంగీకారపత్రం, రెండో చేతిలో పసుపూ కుంకుమా పెట్టిన ఆకుపచ్చ చీర ఉన్నాయి. వెనక దోసెల మాస్టరు అట్లకాడ పట్టుకుని నిలబడ్డాడు. పుట్టింటివాడు ఉత్త చేతులతో రాకూడదని చీర తెచ్చానన్నాడు. మాస్టర్ని తిరిగి ఇచ్చేస్తానన్నాడు. మాస్టరు కలగజేసుకుని, తనని అడగకుండా ఒకసారి తీసుకున్నారనీ, ఇప్పుడు అడగకుండా ఇచ్చేస్తున్నారనీ, ఇలా ఇచ్చిపుచ్చుకోవడం మీద మొన్ననే కమిషనర్‌గారు తీర్పు చెప్పారనీ గుర్తు చేశాడు. చివరికి మాస్టరు పొద్దున ఇక్కడా సాయంత్రం అక్కడా పనిచేసేటట్టు మాట్లాడుకున్నారు.

తవిటమ్మ చీర అందుకుని అంచు చూసింది. రంగు బాగాలేదంది. తర్వాత లోపలికి వెళ్ళి అన్నం వడ్డించింది. అతను తింటుండగా ఎదురుగా కూర్చుని అడిగింది.

"పాలు తాగనోడివి, టీ ఎలాగ రుసి సూస్తావు?"

"సూడను."

"అందుకేనా నీ టీ అలాగుంటాది" అంది తవిటమ్మ.

అన్నేళ్ళ తర్వాత ఆవిడ అతనితో సూటిగా మాట్లాడిన మొదటి రోజది. ఆ సాయంత్రం నుంచి పైడిరాజు హోటల్ టీ ఎలా ఉందో ఆవిడే రోడ్డు దాటి వెళ్ళి తాగి చెప్పేది. చెప్పడంలో మొహమాటం ఉండేది కాదు. పోట్లాటలు పోలేదు, కానీ ఇప్పుడు గుమ్మాల్లోంచి కాక ఒకే బల్ల దగ్గర కూర్చుని పోట్లాడుకునేవాళ్ళు. మధ్యాహ్నం బేరాలు తగ్గాక అతను ఈ హోటల్లోకి వచ్చి, మరేమీ తోచక కొబ్బరి చిప్పలు కోరి పెట్టేవాడు.

ఆ వేసవిలో తవిటమ్మ కొడుక్కి పెళ్ళి కుదిరింది. అంతవరకూ ఆవిడకు లోలోపల ఒక దిగులుండేది. తనకు తోడబుట్టినవాళ్ళెవరూ మిగల్లేదు కాబట్టి కొడుక్కి మేనమామ లేడు. పెళ్ళిలో మేనమామ చేయవలసినవన్నీ ఎవరో దూరపు చుట్టాన్ని బతిమాలుకుని చేయించుకోవాలి. ఇప్పుడు ఆ బెంగ లేదు. పైడిరాజు కొత్త పంచె కట్టుకుని పెళ్ళికొడుకు చెయ్యి పట్టుకుని పందిట్లోకి నడిపించాడు. అమ్మాయి తరఫువాళ్ళు ఈయన సొంత మేనమామేనా అని అడిగారు. పురపాలక సంఘం ఉత్తర్వు ఉందని తవిటమ్మ జవాబిచ్చింది. పెళ్ళికి కమిషనర్‌గారిని పిలిచారు. ఆయన వచ్చి అక్షింతలు వేశారు, తన పథకం వల్ల ఒక కుటుంబం కలిసిందని నిజంగా సంతోషించారు. భోజనానికి మాత్రం ఉండలేదు.

కానీ పథకాలు అధికారులతో వస్తాయి, అధికారులతోనే పోతాయి. వర్షాలు పడేసరికి సుధీంద్రనాథ్‌గారికి బదిలీ అయింది. ఆయన స్థానంలో వచ్చినావిడకు పేర్ల మీద ఏ ఆసక్తీ లేదు. ఆవిడ దృష్టి అంతా వీధి దీపాల రంగు మీద ఉండేది. పసుపు వెలుతురు జనాన్ని బద్ధకస్తుల్ని చేస్తుందని ఆవిడ కూడా ఏదో శిక్షణలో విన్నారట. మరుసటి వేసవి వచ్చేసరికి నామార్థ విభాగం గది దీపాలకు కావలసి వచ్చింది. కాబట్టి విభాగాన్ని రద్దు చేశారు. రద్దు చేసేటప్పుడు సగం సగం చేయకూడదని, విభాగం ఇచ్చిన తీర్పులన్నిటినీ కూడా ఒకే కాగితంతో రద్దు చేసి, ఎవరెవరికి ఏమేం రద్దయిందో వాళ్ళవాళ్ళకు తెలియజేయమన్నారు.

ఆ కాగితాలు పంచడానికి దాలినాయుడు మళ్ళీ సైకిలెక్కాడు. తవిటమ్మ పేరున ఉన్న ఉత్తర్వు చిన్నది. గేదెల తవిటమ్మకూ సనపల పైడిరాజుకూ పురపాలక సంఘం కల్పించిన అన్నాచెల్లెళ్ళ సంబంధం, ఈ కాగితం ముట్టిన క్షణం నుంచి రద్దయినట్లు భావించవలెను.

అతను హోటల్‌కి వెళ్ళేసరికి తవిటమ్మ లేదు. కోడలికి పురుడు దగ్గరపడిందని విశాఖపట్నం వెళ్ళింది. గల్లాపెట్టె దగ్గర పైడిరాజు కూర్చుని ఉన్నాడు. రెండు హోటళ్ళూ అప్పుడు ఆయనే చూసుకుంటున్నాడు. దాలినాయుడు టీ తాగి, వచ్చిన పని చెప్పాడు. కాగితం తవిటమ్మ చేతికే ఇవ్వాలి, ఆవిడ లేకపోతే దగ్గరి రక్తసంబంధీకులు ఎవరైనా తీసుకుని సంతకం పెట్టవచ్చు, ఎవరూ లేకపోతే వెనక్కి పట్టుకుపోవాలి.

"ఇలాగ తే" అని పైడిరాజు చెయ్యి చాపాడు.

దాలినాయుడు కాగితం ఇవ్వలేదు. అందులో ఏముందో అతనికి తెలుసు. "ఇందులో ఏటుందో సదవకుండా సంతకం పెట్టీకండి బాబూ" అన్నాడు.

"అది దాని కాగితం. నాకెందుకు సదవడం? వచ్చినాక అదే సదువుకుంటాది. సంతకం ఎక్కడ?"

దాలినాయుడు వేలితో చోటు చూపించాడు. పైడిరాజు కళ్ళజోడు పెట్టుకుని పేరు రాశాడు. సంతకం పక్కన ఇంకో ఖాళీ ఉంది. కాగితం గలవారికి ఏమవుతారో అందులో రాయాలి. అక్కడ ఏం రాయమంటారని దాలినాయుడు అడిగాడు.

"ఏటి రాస్తావు? అన్న అని రాయి."

దాలినాయుడు అలాగే రాసుకుని, ఉత్తర్వు పైడిరాజు చేతికిచ్చి, రసీదు పట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆఫీసులో సూపరింటెండెంటు ఆ రసీదు చూసి తల పట్టుకున్నారు. పైడిరాజు అన్న అయితేనే కాగితం ముట్టినట్టు. కాగితం ముడితే అన్న కాడు. అన్న కాకపోతే కాగితం ముట్టలేదు. న్యాయసలహా కోసం ఫైలును జిల్లా కేంద్రానికి పంపారు. అక్కడివాళ్ళు దాన్ని ఇంకా పైకి పంపారని వినికిడి.

వారం తర్వాత విశాఖపట్నం నుంచి ఫోనొచ్చింది. మనవరాలు పుట్టిందనీ, తల్లీ పిల్లా బాగున్నారనీ తవిటమ్మ చెప్పింది. పేరేం పెడుతున్నారని పైడిరాజు అడిగాడు. ఆ పెత్తనం మేనమామ తాతది కాబట్టి తొందరగా బయల్దేరి రమ్మంది. పైడిరాజు రెండు హోటళ్ళకీ తాళాలు వేసి, మొదటి బస్సు ఎక్కాడు.